మా చెల్లెలి మడి

మా చిన్న చెల్లెలు పోయిందని పొద్దున నేను పూజలో ఉండగా ఫోన్ వచ్చింది. కర్ణాటకలోని మలెనాడు అడవుల్లో పనికి వెళ్లింది. బస చేసిన చోటే, నిద్రలో గుండె ఆగిందట. ఆ సాయంత్రం ఇంటికి వస్తానని ముందే చెప్పింది. ఆమె స్నానానికని పెరట్లో నీళ్లు కాచే అండా కింద అప్పటికే కట్టెలు పేర్చి పెట్టాను.

పశువైద్యం చదివింది కదా, ఇక్కడే బెంగళూరు యలహంకలో ఏ ఆవుల ఆస్పత్రిలోనో ఉంటుందనుకున్నాం. తొంభైలలో ఆమె ఎంచుకున్న పని వేరు. అడవిలో కోతులో గబ్బిలాలో చచ్చిపడితే వెళ్లి, రక్తం తీసి, ఒంటిమీది పిడుదులు ఏరి, ఏదైనా కొత్త జబ్బేమోనని పరీక్షించేవాళ్లతో చేరింది. "వాటికొచ్చింది రేపు మనకూ రావచ్చక్కా. ముందే తెలుసుకోవాల గదా" అనేది.

అడవి నుంచి వస్తే ముందు వాకిట్లోంచి వచ్చేది కాదు. సందులోంచి పెరట్లోకి వెళ్లి, బట్టలు మరిగే నీళ్లలో వేసి, తలస్నానం చేసేదాకా నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. "ముట్టుకోవద్దక్కా, మడి!" అని అరిచేది. నా మడి దేవుడి కోసం. ఆమె మడి మా కోసం.

పూలంగడి తాత మా గుమ్మంలో మల్లెలు మూర వేస్తూ నవ్వేవాడు. "పెద్దమ్మి దేవుడికి మడి కడ్తాది, చిన్నమ్మి కోతులకు కడ్తాది. బలే ఇల్లుండాదప్పా!"

కొన్నేళ్ల కిందట, ఎండాకాలం, మా వీధి ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద ఒక కోతి చచ్చిపడింది. పసుపునీళ్లతో స్నానం చేయించి ఊరేగించాలని తాతా మరికొందరూ సిద్ధమయ్యారు. చెల్లెలు వెళ్లి అడ్డం నిలబడింది.

"ఎందుకు చచ్చిందో తెలీదు తాతా. ఒట్టి చేతుల్తో తాకొద్దు. ముందు కొంచెం రక్తం తీసుకోనీ."

"స్వామిని సూదుల్తో పొడుస్తావా? కండ్లు పోతాయి!"

"నీ వేళ్లు చూడు, అన్నీ గులాబి ముళ్లు గీరిన గాట్లే. జబ్బు దూరేదానికి ఇంకేం దారి కావాల?"

తాత నా వైపు తిరిగాడు. శనివారం భజన నడిపేది నేనే మరి. "నువ్వు చెప్పు పెద్దమ్మీ, ఇది న్యాయమేనా?"

"మడి లేకుండా స్వామిని తాకుతామా తాతా? ఆమె చెప్పిన మడి కట్టుకో" అన్నాను.

అందరూ నవ్వారు. తాత గొణుక్కుంటూనే చేతులు చాచాడు. చెల్లెలు ఆయనకు గ్లౌజులు తొడిగింది. కోతికి దండం పెట్టి, ఆ తర్వాతే సూది తీసింది.

పరీక్షలో ఏ జబ్బూ తేలలేదు.

"చూస్తివా, ఊరికే భయపెట్టినావు."

"ఊరికేనని తెలిసింది గదా తాతా" అంది. ఆమె పనంతా ఆ మాటలోనే ఉందని నాకు ఇప్పుడనిపిస్తోంది.

సాయంత్రం ఆమెను తీసుకొచ్చారు. అడవి నుంచి వచ్చి ముందు వాకిట్లో దిగడం అదే మొదటిసారి. పొద్దున పేర్చిన కట్టెలు అంటించి, ఆ నీళ్లతోనే స్నానం చేయించాను. ముట్టుకోవద్దని ఈసారి అనలేదు.

తాత బుట్టెడు మల్లెలు తెచ్చాడు. నేరుగా ఆమె దగ్గరికి రాలేదు. వాకిలి పక్కనున్న కుళాయి దగ్గర ఆగి, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. వెనకాల వచ్చినవాళ్లతో, "కడుక్కోండప్పా, ఆయమ్మి ఊరుకోదు" అన్నాడు.

వీధి వీధంతా కుళాయి దగ్గర వరసలో నిలబడింది. తడి చేతులతో ఒక్కొక్కరూ వచ్చి పూలు వేస్తుంటే, ఆ నీళ్లు మల్లెల మీదుగా ఆమె పాదాల మీదికి జారాయి.