సారు లెక్కలో తప్పు చోటు

సోలార్ పార్కు ఆఫీసులో నేను పనిచేసిన రోజుల్లో మా పెద్దసారుకు గోల్ఫ్ పిచ్చి. బలసముద్రం బీడులో నాలుగు గుంతలు తవ్వించి సాయంత్రాలు ఒక్కరే ఆడేవారు. ఆట నిజాయితీగా జరిగిందనడానికి పక్కన ఒకరుండి స్కోరు రాయాలట. ఆ పని నామీద పడింది. ఇంట్లో ఆరు నెలల పాప పాలకు ఏడుస్తుందని, నాగలమడికెకు ఐదున్నర బస్సే దిక్కని ఎన్నిసార్లు చెప్పినా "ఒక్క గుంతమ్మా" అనేవారు.

ఆరోజు సారు కొట్టిన బంతి గట్టు అవతల పడింది. మేం వెళ్లేసరికి అది గుంత పక్కనే ఉంది. సారు మెల్లగా తోసి గుంతలో వేశారు. ఇక బస్సుకు వెళ్లొచ్చని నేను సంచీ అందుకున్నాను.

"జాలికంపలో పడింటే నేనే తీసి ఈడ పెట్టినాను సామీ," అంది గట్టు పక్కన గొర్రెలు మేపుతున్న ఒక అవ్వ.

సారు ముఖం మాడిపోయింది. "తప్పు చోటి నుంచి ఆడాను. శిక్షగా నా స్కోరుకు రెండు దెబ్బలు కలుపమ్మా. కంపలోంచి మళ్లీ కొట్టాలి."

"ఎవురు చూసినారప్పా? ఆ యమ్మను ఇంటికి పోనీ," అంది అవ్వ.

సారు వినలేదు. కంపలో ఆరుసార్లు కొట్టారు. బస్సు పోయింది. నేను ఇల్లు చేరేసరికి పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

మర్నాడు సారు నిబంధనల పుస్తకంతో నవ్వుతూ వచ్చారు. "బంతిని ఎవరో కదిపారని మనకు తెలియకపోతే తప్పు లేదటమ్మా. స్కోరులోంచి నిన్నటి రెండూ కొట్టెయ్. కంపలోవీ కొట్టెయ్."

"అయితే నేను బస్సెక్కాల్సింది కదా సార్?"

ఆయన నిజంగానే కాసేపు పేజీలు తిప్పారు.

"దాని గురించి ఇందులో లేదమ్మా," అన్నారు.