మేనత్త దాచుకున్న మెటికలు

తెరమీద హీరోయిన్‌ని మెట్ల మీంచి తోసేసిన విలన్‌ ఎదురుపడితే మెటికలు విరిచి శపించాలని మా మేనత్త నలభై ఏళ్లుగా కాచుకుని ఉంది. ఆ కసితో పలాసలో ఆవిడ ఒలిచిన జీడిపప్పుతో మూలపేట రేవుకి గోడ కట్టవచ్చు.

మొన్న ఆ విలన్‌ వేసిన నటుడే మా ఊరి జీడిపప్పు కొట్టు ప్రారంభానికి వచ్చాడు. అత్త జనాన్ని ఓడలా చీల్చుకుని ముందుకెళ్లింది. తీరా చూస్తే, ఇద్దరు పట్టుకుంటే గానీ నిలబడలేని ముసలాయన. నోట్లో పెట్టిన పప్పు నమల్లేక చప్పరిస్తున్నాడు.

“ఓలమ్మా, ఈడేటిలగైపోనాడు! ఈ ముసిలోడ్ని ఎలగ తిట్టీది అల్లుడూ?” అంది నాతో ఏడుపుగొంతుతో.

ఆయన విన్నాడు. మెల్లగా తలెత్తి, ఎడమ కనుబొమ్మ లేపి ఒక్క చూపు చూశాడు. బారువ దగ్గర సముద్రం రెండడుగులు వెనక్కి జరిగిందని నా నమ్మకం.

“ఆడే! ఆడే!” అత్త కెవ్వుమంది. “నీ సెయ్యిరిగిపోను! ఆ పిల్లని తోసేత్తావా!” అంటూ పదివేళ్లూ పటపటా విరిచేసింది.

“ఇంకా గుర్తున్నానా తల్లీ!” అని ఆయన మురిసిపోయి దండం పెట్టాడు.

అత్త కరిగిపోయింది. దిష్టి తీద్దామని వేళ్లు తన కణతలకి ఆనించి నొక్కింది. ఒక్క మెటికా పలకలేదు, అన్నీ శాపానికే అయిపోయాయి.

“అల్లుడూ, నీ సేతులిలగియ్యి!” అంది.