టీ గిన్నెలో తెరుచుకున్న తలుపు

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. ఎంత తొందరలో వచ్చిన బండి అయినా సరే, రేడియేటర్ మూత మీద అరచేయి ఆనించి ఒక పద్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి. పద్యం పూర్తికాకముందే చేయి వెనక్కు లాగవలసి వచ్చిందా, మూత తీసే వేళ ఇంకా కాలేదన్నమాట. నియమం పెట్టినవాడు పెద్దమేస్త్రి. దానిని తు.చ. తప్పక పాటించినది ఆయన కూతురు. అందుకే వీధివారు ఆమెకు చల్లమ్మ అని పేరు పెట్టారు. వెక్కిరింపో దీవెనో తేలని పేరు. ఆమె దీవెనగానే స్వీకరించింది.

ఆ ఉదయం షెడ్డులోకి తోసుకువచ్చిన పాత కారు నర్సమ్మది. మంచం పట్టినవారి ఇళ్ళకు వెళ్ళి పుండ్లు కడిగి కట్లు కట్టడం ఆమె వృత్తి. ఆమె రోగుల్లో చాలామంది కొండమీది వీధుల్లో ఉంటారు. కారు చదునుదారిలో సాధువు. ఎత్తు ఎదురైతే మాత్రం సగంలోనే ఆవిరి కక్కుతుంది. వేరొక చోట రేడియేటర్ మార్పించింది, గొట్టాలు మార్పించింది, జబ్బు మారలేదు. విసిగిపోయిన ఆమె అన్న పాత ఇనుము కొనేవాడిని పిలిచాడు.

"సాయంత్రం వాడొచ్చి తీసుకుపోతాడట, చల్లమ్మా. ఈలోగా కొండెక్కితే బండి నాది, లేకపోతే వాడిది."

"బండి పోతే ఎలా అక్కా?"

"కిందివాళ్ళని నడిచెళ్ళి చూసుకుంటా. పైవాళ్ళకి దేవుడే దిక్కు."

"ఆ దేవుడే నిన్ను ఇక్కడికి తోశాడనుకో. కాసేపు కూర్చో."

"తోసింది దేవుడు కాదు, మా పక్కింటాయన. నడుం పట్టేసిందని ఇంటికెళ్ళిపోయాడు."

గుమ్మం దగ్గర పడకకుర్చీలో ఉన్న పెద్దమేస్త్రి పకపకా నవ్వాడు. మోకాళ్ళు మొండికేసి ఆయన పని మానుకున్నాడు గాని, ఆయన చెవులు మానలేదు.

చల్లమ్మ పద్యం ముగించి మూత తీసింది. లోపలి నీరు తుప్పురంగులో ఉంది. ఎండినప్పుడల్లా కుళాయి నీళ్ళు పోసిన ఫలితం అది. అయితే ఆ నీటి మీద నూనె తెట్టు లేదు. ఇంజిన్ నూనెలో నీటి జాడ లేదు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బుడగలు లేవలేదు, పొగ తెల్లబారలేదు. గుండె పదిలంగానే ఉంది. దోషం ప్రవాహంలో ఉంది. మూత బిగించి, నర్సమ్మను ఆక్సిలరేటర్ తొక్కి పట్టమంది. వేడిముల్లు ఎరుపు వైపు సాగుతున్న వేళ, వైద్యుడు నాడి చూచినట్టు, రేడియేటర్ అడుగున వేళ్ళు ఆనించింది. అక్కడ గోరువెచ్చన మాత్రమే.

"ఆపెయ్ అక్కా! ఇంజిన్ ఉడికిపోతోంది, రేడియేటర్ నిద్రపోతోంది. నీళ్ళు దీనిదాకా రావడమే లేదు."

మళ్ళీ చల్లారనిచ్చి, థర్మోస్టాట్ ఉండే చిన్న గదిని విప్పింది. నీరు కాగినప్పుడు తెరుచుకుని రేడియేటర్‌కు దారి ఇచ్చే తలుపు అది. గది ఖాళీగా ఉంది. అయితే ఆమె చేయి ఆగిపోయినది ఆ ఖాళీని చూసి కాదు, నీరు కారకుండా గది అంచున పెట్టిన అట్టను చూసి. పాత క్యాలెండర్ అట్ట. దాని మీద ఎర్ర అంకె ఒకటి ఇంకా కనబడుతోంది. లోకంలో అలా కత్తిరించేవాడు ఒక్కడే.

"నాన్నా, ఈ బండి ఎప్పుడైనా నీ చేతికి వచ్చిందా?"

"రాకేం! ఈ నర్సమ్మ కొనకముందు. వేడెక్కుతోందంటే ఆ అడ్డు పీకేశాను. ఎన్ని బండ్లకి పీకలేదు! నీళ్ళకి దారిస్తే చల్లగా తిరుగుతాయి."

"ఈ బండిలో తిరగవు నాన్నా."

"తాతకు దగ్గులు నేర్పుతావా?"

"ఆ దగ్గు నువ్వు నేర్పిందే. కాస్త ఇటు చూడు."

గురువు పొరపాటును గురువు ఎదుటే సవరించడం శిష్యధర్మాలన్నింటిలోకీ కఠినమైనది. గొంతు పెంచకూడదు, నిజం తగ్గించకూడదు. ఆమె అరలోంచి కొత్త థర్మోస్టాట్ తీసి, దారం కట్టి, పొయ్యి మీద నీళ్ళలో వేలాడదీసింది.

"నా టీ గిన్నెలోనా!"

"తోమిపెడతాలే."

నీరు కాగింది. ఇత్తడి తలుపు మెల్లగా తెరుచుకుంది. దానితోపాటే అడుగున ఉన్న చిన్న పళ్ళెం కిందికి దిగింది.

"అదిగో, ఆ పళ్ళెం చూడు. ఈ బండిలో నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోకే తిరిగొచ్చే అడ్డదారి ఒకటి ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడు ఆ పళ్ళెం దిగి దాన్ని మూసెయ్యాలి. మొత్తం పీకేస్తే అడ్డదారి బార్లా తెరిచే ఉంటుంది. కాగిన నీళ్ళు ఇంజిన్ చుట్టూనే ప్రదక్షిణలు చేస్తాయి."

నర్సమ్మ తల వంచుకుని సంచీ సర్దుకోసాగింది. పెద్దమేస్త్రి కుర్చీలోంచి ముందుకు వంగి, దిగిన పళ్ళేన్ని చూశాడు.

"అడ్డనుకున్నాను," అన్నాడు. "కాపలా అన్నమాట. ఆ కత్తెర ఇటివ్వు. క్యాలెండర్ దింపు."

"ఏడాది ఇంకా అయిపోలేదు నాన్నా!"

"వెనక అట్ట తీస్తే రోజులు ఆగిపోతాయా?"

ఆయన కత్తిరించిన కొత్త అట్ట గది అంచుకు అచ్చుగా అమరింది. చల్లమ్మ కొత్త థర్మోస్టాట్‌ను లోపల కూర్చోబెట్టి గదిని బిగించింది. తుప్పునీరంతా కడిగి, మంచి నీటిలో కూలెంట్ కలిపి పోసింది. కారు ముక్కును వాలు మీద పైకెత్తి నిలిపి, హీటర్ తెరిచి, గొట్టాలు పిసుకుతూ లోపల చిక్కిన గాలిని బయటికి పంపింది.

"ఇంకో బుడగ ఉంది, గుడగుడమంటోంది," అన్నాడు తండ్రి కుర్చీలోంచి. మరొకసారి పిసికింది. బుడగ వచ్చింది.

కొండదారిలో నర్సమ్మ నడిపింది. పెద్దమేస్త్రి ముందు సీట్లో, చల్లమ్మ వెనుక. ఎప్పుడూ ఆవిరి కక్కే మలుపు రాగానే నర్సమ్మ పాదం తడబడింది.

"ఆపకమ్మా, పోనీ," అన్నాడాయన. ముల్లు నడిమధ్యన, మునిలా, కదలక నిలిచింది. కారు శిఖరం చేరింది.

అంతలో నర్సమ్మ ఫోన్ మోగింది. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది; పెద్దమేస్త్రి అందుకున్నాడు.

"బండేదీ? ఇనుమువాడొచ్చి నిలబడ్డాడు," అంటున్నాడు ఆమె అన్న.

"కొండమీద ఉంది నాయనా. వాణ్ణి పంపించెయ్యి."

"ఎక్కిందా! ఎవరు బాగుచేశారు?"

పెద్దమేస్త్రి వెనక్కు తిరిగి కూతురిని చూశాడు. వెన్ను నిటారుగా పెట్టుకున్నాడు.

"పాడుచేసింది నేను, బాగుచేసింది మా అమ్మాయి. రెండూ మా షెడ్డు పనే!"

నర్సమ్మ కట్ల సంచీ భుజాన వేసుకుని, ఎదుటి ఇంటి తలుపు తట్టింది.