వడగట్టిన మడుగునీళ్లు

మా ఇల్లు చిలకలగూడలో. సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరం కాబట్టి చుట్టాలు ఏ రైలు దిగినా ముందు మా ఇంటికే. ఆ శుక్రవారం పొద్దున కోస్తా నుంచి తమ్ముడు దిగాడు. ఎప్పుడూ ఎండుచేపలతో వచ్చే సంచిలో ఈసారి తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా ఉంది.

"అక్కా, మా మడుగు టీ డికాషన్‌లా మారిపోయింది. చేపలు చచ్చి తేలుతున్నాయి. ఏమిటో నువ్వు చూసి చెప్పాలి," అన్నాడు.

సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఉప్పునీటి మడుగు ఒడ్డున వాడి ఊరు. అక్కడ బడిలో పంతులు, చర్చిలో సంఘపెద్ద. ఆదివారం వాళ్ల కోతల పండుగ. పొలాలున్న ఊళ్లలో ధాన్యం తెచ్చినట్టు అక్కడివాళ్లు వలలో పడ్డ చేపలూ, మడుగు బురదలో ఏరిన గుల్లలూ దేవుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక పిల్లాజెల్లా అంతా కలిసి ప్రేమవిందు. గుల్లల కూర లేకపోతే అది విందే కాదు. చేపలు చస్తున్నాయని చెబితే మత్స్యశాఖ ఆఫీసువాళ్లు వచ్చే వారం వచ్చి చూస్తామన్నారట.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. రొయ్యల చెరువుల మురుగూ మేతా మడుగులోకి చేరితే, ఆ బలానికి కంటికి కనపడని నాచు జాతులు విరగబడి పెరుగుతాయి. వాటిలో కొన్ని విషపువి. గుల్లలు ఆ నీళ్లనే వడపోసుకుని బతుకుతాయి గనుక విషమంతా వాటి ఒంట్లో చేరుతుంది. ఎంత ఉడికించినా పోదు.

"ఫోన్ చేసి తినొద్దని చెప్పేయరా," అన్నాను.

"ఊరికే చెబితే వినరక్కా. తాతల నాటి నుంచి తింటున్నాం, మాకేం కాలేదంటారు. ఏదో ఒకటి కళ్లకు చూపించాలి."

కాలేజీ వాళ్లు పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్న మైక్రోస్కోపు వంటింటి గట్టు మీద పెట్టాను. చుక్క వేసి చూశాను. ఏమీ లేదు. ఇంకో చుక్క వేశాను. అదీ ఖాళీ. సీసా ఎత్తి చూస్తే నీళ్లు తాగడానికి తెచ్చినంత తేటగా ఉన్నాయి. అనుమానమొచ్చి మరదలికి ఫోన్ చేశాను.

"మురికినీళ్లు మీ చేతికెలా ఇస్తాం వదినా? చీర ముక్క నాలుగు మడతలు పెట్టి, బిందెడు నీళ్లు వడగట్టి, తేటనీళ్లు సీసాలో పోశాను," అంది మురిపెంగా.

నాకు కోపం నషాళానికంటింది. ఆడబిడ్డకు మర్యాద చేయడానికి ఇంకేమీ దొరకలేదా ఈ పిల్లకి! తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడు. వాడు వెళ్లి మళ్లీ నీళ్లు తెచ్చేసరికి పండుగ కాస్తా అయిపోతుంది.

అంతలో కరివేపాకు కోసం వచ్చిన పక్కింటావిడ ముక్కు మూసుకుంది. సీసాకు చుట్టిన గుడ్డని, కంపు భరించలేక, అంతకుముందే బాల్కనీలో కరివేపాకు కుండీ పక్కన పడేశాను.

"ఏందక్కా, గీ గుడ్డ గింత వాసనొస్తుంది? ఇటియ్యి, మా మెషిన్ల ఏస్త. మా బట్టలు సుత ఉన్నయ్," అంటూ చేతిలోకి తీసుకుంది.

"ఆగు! దాన్ని కదపకు!" అని నేనరిచిన అరుపుకి పాపం ఆవిడ హడలిపోయింది.

అది చీర ముక్క. నాలుగు మడతలు. మధ్యలో గోధుమరంగు జిగురు. సీసా పగలకుండా మరదలు ఆ వడగట్టిన గుడ్డనే చుట్టి పంపింది.

గుడ్డని చెంచాడు నీళ్లలో పిండి, చుక్క వేసి కన్ను ఆనించాను. ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నాయి! కవచాలు తొడుక్కున్న ఏకకణ జీవులు. ప్రాణం పోయినా పెంకులు చెదరలేదు. పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూశాను. గుల్లల్లో విషం నింపే జాతే. ఈ వయసులో వంటింట్లో గంతులేశాను, సిగ్గుపడను. కాలేజీలో మేం నాచు పట్టే వల కూడా సన్నని గుడ్డే మరి. బిందెడు నీళ్లలో ఉన్నదంతా మరదలు నాకు మూటకట్టి పంపింది.

మైక్రోస్కోపు అద్దంలోంచి ఫోన్‌తో ఫోటో తీసి ఊళ్లో అందరికీ పంపాం. పాస్టరుగారు పీఠం మీద నుంచే ఆ ఫోటో చూపించారట. ఆదివారం విందులో కోడికూర వడ్డించారు. ముసలివాళ్లు సణిగారు, సణుగుతూనే రెండోసారి పెట్టించుకున్నారు. తర్వాత ఆఫీసువాళ్లు వచ్చి గుల్లలు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే విషం ఉందనే తేలింది. రొయ్యల చెరువుల కాలువ మడుగులోకి రాకుండా అడ్డుకట్ట వేయించారు. వానలు పడ్డాక నీళ్లు మామూలు రంగుకొచ్చాయి. ఊళ్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

పక్కింటావిడ మాత్రం వీధంతా చెప్పుకుంటుంది: "నేను గా గుడ్డ మెషిన్ల ఏసుంటే ఊరు ఊరంతా పరేషానయ్యేది. నేను ఆగిన కాబట్టే బతికిన్రు!"

మొన్న మరదలు ఫోన్ చేసింది. మడుగులో ఓ మూల మళ్లీ కాస్త రంగు కనిపిస్తోందట.

"నీళ్లు పంపుతున్నాను వదినా. ఈసారి వడగట్టను లెండి."

"వడగట్టవే తల్లీ," అన్నాను. "వడగట్టి, నీళ్లు పారబోసి, గుడ్డ పంపు."