పూజలో ఉన్న హ్యాండిల్

ఆలూరు తాలూకా బళ్ళారి నుంచి విడిపోయి ఆంధ్రలో కలిసిన తర్వాత మూడో దసరాకో నాలుగో దసరాకో జరిగిన మాట ఇది.

ఊరి బయట నల్లరేగడి బీడు ఒకటి ఉంది. ఏడాది పొడుగునా అక్కడ మేకలు మేస్తాయి. ఆయుధపూజ రోజు మాత్రం ఆ బీడులో లారీలు మొలుస్తాయి. అన్నీ పాతవే. యుద్ధానికి ముందు ఓడెక్కి వచ్చినవి కొన్ని. సిపాయిలను మోసి మోసి చివరికి వేలంలో అమ్ముడుపోయినవి కొన్ని. పెట్రోలు దొరకని కాలంలో బొగ్గుల పొగ తాగి నడిచి, ఇప్పటికీ ఆ మసివాసన వదలనివి కొన్ని. ఆదోని నుంచి, పత్తికొండ నుంచి, అటు బళ్ళారి నుంచి డ్రైవర్లు వాటిని కడిగి, బంతిపూలు కట్టి, పెళ్ళికూతుళ్ళను తెచ్చినట్టు తెచ్చి వరసగా నిలబెడతారు. తిరునాళను ఆ పక్క పరస అంటారు. అందుకే ఊళ్ళోవాళ్ళు దీనికి పాత లారీల పరస అని పేరు పెట్టి నవ్వుకుంటారు. నవ్వుతూనే పిల్లలను చంకనేసుకుని చూడడానికి వస్తారు.

ఆ పరసను మొదలుపెట్టింది కంబన్న.

కంబన్నది వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు నొప్పి పుట్టే ఊరు. తండ్రికి జొన్నచేను ఉండేది. చిన్నప్పుడు ఒక సాయంత్రం ఆ చేను గట్టున నిలబడి దూరంగా రెండు దీపాలు మట్టిదారిని నాకుతూ రావడం చూశాడు. దీపాల వెనక చీకటి, చీకటిలోంచి మోత. ఆ మోత దాటిపోయాక కూడా చాలాసేపు జొన్నకంకులు వణుకుతూనే ఉన్నాయని అతనికి అనిపించింది. మరుసటి ఏడే ఇల్లు వదిలి లారీ క్లీనరయ్యాడు. తర్వాత పత్తి వ్యాపారం చేసే దేవేంద్రప్ప దగ్గర డ్రైవరుగా కుదిరాడు. అప్పటి నుంచి ఒకే లారీ. దానికి నడుము వంగింది, గొంతు బొంగురుపోయింది. ఎక్కడ నిలిపినా కాస్త నూనె కారుస్తుంది. అందరూ దాన్ని అవ్వ అంటారు. కంబన్న నిద్రలో గురక పెడుతూ కూడా గేర్లు మారుస్తాడని అతని భార్య ఉరుకుందమ్మ ఇరుగుపొరుగుకు చెబుతుంది.

పరసలో పొద్దున జరిగేది మోత వినడం. ఈ పాత బండ్లకు తాళంచెవి తిప్పితే ప్రాణం రాదు. ముందు నుంచి ఇనుప హ్యాండిల్ గుచ్చి, నడుం బిగించి తిప్పాలి. ఒక్కొక్కరూ తమ బండిని లేపుతారు. మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకుని, తలలు వంచి, సంగీతం వింటున్నట్టు వింటారు. ఫలానా దానికి దగ్గు తగ్గిందని, ఫలానా దానికి గుండె నిబ్బరంగా ఉందని చెప్పుకుంటారు. అదయ్యాక హ్యాండిళ్ళన్నీ తెచ్చి అమ్మవారి పటం ముందు ఒకే కుప్పగా పేర్చి, పసుపుదారంతో చుట్టి, పూజ చేస్తారు. మరుసటి పొద్దున సూర్యుడు వచ్చేదాకా ఆ ఇనుమును ఎవరూ ముట్టుకోరు.

ఆ కట్టడి పెట్టింది కూడా కంబన్నే. మొదటి పరసలో పూజ అయ్యాక కల్లు తాగి పందేలు వేసుకున్నారు. ఎవరి బండి ముందు లేస్తుందో చూద్దామని హుసేన్ పీరా హ్యాండిల్ తిప్పితే, ఇంజను వెనక్కి తన్ని అది అతని ముంజేతిని విరిచింది. ఎముక కుదరలేదు, చెయ్యి చీము పట్టింది. చివరికి కర్నూలు ఆసుపత్రిలో మోచేతి దాకా తీసేశారు. మరుసటి ఏడు కంబన్న అందరి చేతా పటం ముందు ఒట్టు వేయించాడు. పీరా ఇప్పుడు లారీలు నడపడు, సైకిళ్ళకు పంక్చర్లు వేస్తాడు. పరసకు మాత్రం తప్పక వస్తాడు. దారం చుట్టేటప్పుడు ఒక కొసను ఉన్న చేత్తో అతనే పట్టుకుంటాడు.

ఈ మాట జరిగిన ఏడు దేవేంద్రప్ప కొత్త లారీ కొన్నాడు. అవ్వను పాత ఇనుముకు అమ్మేయాలనుకున్నాడు. కంబన్న చాలాసార్లు ఇంటికి వెళ్ళి వసారాలో నిలబడ్డాడు. చివరికి దేవేంద్రప్ప విసుగుతోనో జాలితోనో ఒక మాట ఇచ్చాడు. పరస పొద్దున తానే వస్తాడట. తన కళ్ళ ముందు అవ్వ లేచి కదిలితే ఇంకో ఏడాది ఉప్పు బస్తాలకు వాడుకుంటాడట. లేవకపోతే ఇక మాట్లాడవద్దన్నాడు.

పొద్దున అందరి మోతలూ అయిపోయాయి. అవ్వ ఒక్క తిప్పుకే లేచింది. దాని మోత బీడంతా పరుచుకుంటే, ఎక్కడో జొన్నలు దంచుతున్నట్టుంది అన్నాడు పీరా కళ్ళు తెరవకుండానే. దేవేంద్రప్ప మాత్రం రాలేదు. కంబన్న బండి ఆపి, హ్యాండిల్‌ను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కుప్పలో అతనిదొక్కటే తక్కువ. హారతి పళ్ళెంలో కర్పూరం ఎండలో మెత్తబడుతోంది. ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకుని కాళ్ళు మార్చుకుంటున్నారు. కట్టడి పెట్టినవాడే దాన్ని ఆలస్యం చేస్తున్నాడు. చివరికి లేచాడు. హ్యాండిల్‌ను తీసుకెళ్ళి కుప్ప మీద పెట్టాడు. మీద మరో రెండు వరసలు పేర్చారు. పీరా కొస పట్టుకున్నాడు. దారం చుట్టుకుంది.

దేవేంద్రప్ప పొద్దు వాలాక వచ్చాడు. ఆదోని మార్కెట్లో పత్తి వేలం ఆలస్యమైందట. జట్కాలో అతని పక్కన గుంతకల్లు నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారి ఉన్నాడు. వ్యాపారికి సాయంత్రం రైలుంది.

"ఏదప్పా కంబన్నా, లేపు మీ అవ్వను. సూస్తాం."

కంబన్న చేతులు కట్టుకున్నాడు. "పూజయిపోయింది సావుకారీ. హ్యాండిల్ అమ్మోరి ముందర ఉండాది. రేపు పొద్దుననే లేపుతా. తమరు యాడుంటే ఆడికి నడిపించుకొస్తా."

"రేపు ఈయన ఈడ ఉండడు కదా."

"పొద్దున ఒక్క తిప్పుకే లేసింది సావుకారీ. వీళ్ళందరూ విన్నారు."

దేవేంద్రప్ప వరసగా కూర్చున్న డ్రైవర్ల వైపు చూశాడు. ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకునేవాళ్ళను చూసినట్టు చూశాడు. "ఇంజను సచ్చింటే సచ్చిందని చెప్పప్పా. అమ్మోరి కొంగు చాటున యాల దాక్కుంటావు?"

పీరా లేచి వచ్చి కంబన్న భుజం పట్టుకున్నాడు.

"తీస్కోపోన్నా. ఒట్టు నా చెయ్యి కోసమే కదా ఏసింది. నేనే చెప్తాండా, తీస్కో. పోయిన చెయ్యి ఇంగ మొలుస్తాదా ఏమి."

కంబన్న కుప్ప దాకా నడిచాడు. తన హ్యాండిల్ చివర, అరచేతి రాపిడికి వెండిలా మెరిసే చోటు, కుప్ప సందులోంచి కనిపిస్తోంది. దారం ఒక్క పోగు. తెంపడానికి బలం అక్కర్లేదు. పక్కన పీరా చొక్కా ఖాళీ చెయ్యి గాలికి ఊగుతోంది. పీరా వద్దని ఉంటే కోపంతోనైనా తీసేవాడేమో. తీసుకో అన్నాడు కాబట్టి అతని చేతులు లేవలేదు. అలాగే వెనక్కి వచ్చాడు.

అప్పుడు డ్రైవర్లే లేచారు. ఒట్టు హ్యాండిల్ మీదే కదా, తోస్తే తప్పేముందన్నారు. పంచెలు ఎగగట్టి అవ్వ వెనక భుజాలు ఆనించారు. గేరులో ఉన్న బండి జోరుగా దొర్లితే ఇంజను దానంతటదే లేస్తుంది. కానీ రెండు రోజుల కింద వాన పడింది. రేగడి మన్ను చక్రాలను పట్టుకుని వదల్లేదు. అవ్వ ఒక మూర ముందుకు వచ్చి, ఒక జాన వెనక్కి పోయింది. తోసేవాళ్ళ కాళ్ళు చీలమండల దాకా దిగబడ్డాయి. పిల్లలు నవ్వారు. వ్యాపారి గడియారం చూసుకున్నాడు.

"చాలు," అన్నాడు దేవేంద్రప్ప. అతని గొంతులో కోపం లేదు. బేరం జట్కా పక్కనే కుదిరిపోయింది. ఎద్దుల అయ్యన్నను పిలిపించి, రెండు జతల ఎద్దులతో అవ్వను వంక అవతలి గోదాముకు లాగించమన్నాడు. రేపు పొద్దున హ్యాండిల్ కూడా అక్కడికి తెచ్చి ఇవ్వాలని వ్యాపారి గుర్తు చేశాడు, అదీ ఇనుమే కాబట్టి. కంబన్న తల ఊపాడు.

"నువ్వు ఎక్కి స్టీరింగు పట్టుకోప్పా," అన్నాడు దేవేంద్రప్ప జట్కా ఎక్కుతూ. "లేకుంటే వంకలో పడ్తాది."

కంబన్న ఎక్కాడు. సీటులో అతని ఒంటి బరువుకు పడిన గుంత అతని కోసమే ఉన్నట్టుంది. అలవాటుగా స్విచ్ వేశాడు. మోకులు బిగుసుకున్నాయి. ఎద్దులు మోకాళ్ళ మీద పడుతూ లేస్తూ బండిని రేగడిలోంచి పెకిలించాయి. డ్రైవర్లు రెండు పక్కలా నిలబడి నెత్తి గుడ్డలు తీశారు. ఇంజను లేని లారీలో ఇన్ని శబ్దాలుంటాయని కంబన్నకు తెలియదు. తలుపు కిర్రుమనడం, రేకులు గొణగడం, ఎద్దుల గిట్టలు, అయ్యన్న అదిలింపు.

బీడు దాటగానే గట్టి రోడ్డు. రోడ్డెక్కిన వెంటనే వంకకు దిగే పల్లం. ముందు చక్రాలు ఆ పల్లం అంచును తాకినప్పుడు, అవ్వ బరువు తనంతట తాను ముందుకు ఒరిగింది. మోకులు వదులయ్యాయి. కంబన్న చెయ్యి గేరు కడ్డీ మీదికి పోయింది. గేరు వేసి, క్లచ్ మీది కాలు వదిలితే చాలు. లేస్తుంది. ముందు పోతున్న జట్కాలో దేవేంద్రప్ప ఆ మోత వింటాడు. హ్యాండిల్ ముట్టుకోనక్కర్లేదు, ఒట్టు తప్పనక్కర్లేదు.

బ్రేకు తొక్కిపట్టి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అయ్యన్నా, ఎద్దులిప్పు. ఒక్క గడియ. పల్లంలో అదే లేస్తాది."

అయ్యన్న వెనక్కి తిరిగి చూశాడు. ముసలి ముఖం. "సావుకారి మాట లేకుండా ఎట్ల ఇప్పేది కంబన్నా? నా ఎద్దులు గూడా ఆయన చేన్లోనే మేస్తాండాయి."

జట్కా అప్పటికే వంక దాటుతోంది. కంబన్న కేక వేశాడు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. జట్కా ఆగలేదు.

అవ్వ బ్రేకుకు నిలవలేదు. మెల్లగా దిగడం మొదలుపెట్టింది. దిగుతూ జోరందుకుంది. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన ఆ ఊపు అతని అరికాళ్ళలోంచి మోకాళ్ళలోకి ఎక్కింది. గేరు కడ్డీ అతని అరచేతి కింద సన్నగా వణికింది. ముందర ఎద్దులు. వెనకటి జత తోకలు బంపరుకు తగులుతున్నాయి. వెనక్కి చూడలేక, ఆగలేక, భయంతో చెవులు వెనక్కి వాల్చి పరిగెడుతున్నాయి. ఇంజను లేస్తే లారీ ఒక్క దూకు దూకుతుంది. ఆ దూకులో ఎద్దులుంటాయి, అయ్యన్న ఉంటాడు.

కంబన్న గేరు కడ్డీ మీది చెయ్యి తీసేశాడు. రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, సీటులోంచి లేచి, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. చేతి బ్రేకు కూడా లాగాడు. చక్రాలు కాలిన వాసన వచ్చింది. అవ్వ మూలుగుతూ, అడుగడుగూ బిగపట్టుకుంటూ, ఎద్దులను తాకకుండా పల్లం దిగింది.

కింద వంకలో ఇసుక. అక్కడ మోకులు మళ్ళీ బిగుసుకున్నాయి.

"బ్రేకు వదులప్పా," అన్నాడు అయ్యన్న, ఎద్దుల మెడలు నిమురుతూ. "లాగలేక సస్తాండాయి."

కంబన్న వదిలాడు.