మంచు కింది ఆకుపచ్చ

దక్షిణ సముద్రపు ఒడ్డున నేనుండే డునెడిన్‌లో చలికాలం ఉదయాల్లో మా పొరుగాయన గరాజ్‌లో పాత కిరోసిన్ హీటర్ వెలిగిస్తాడు. ఆ ఘాటు కిటికీ సందులోంచి లోపలికి రాగానే నేను అంటార్కిటికాలో ఉంటాను. తాడు చుట్టే విన్చ్ యంత్రం కీచుమంటూ తిరుగుతుంటుంది. మంచులో తొలిచిన రంధ్రంలోంచి ఉక్కు తాడు తడితడిగా పైకి వస్తుంటుంది. తాడు చివర గొట్టం, గొట్టం నిండా బురద. పైన బూడిద రంగు, అడుగున ఆకుపచ్చ. డాక్టర్ వసుంధర గారు చేతి తొడుగు లాగేసి, ఆ ఆకుపచ్చను వేలి కొసతో తాకి, "వచ్చేసిందమ్మాయ్" అన్నారు. ఆవిడ అన్నది అంతే. అరిచిందంతా మేము.

ఆ కాస్త పచ్చదనం కోసం అంత అరవడం ఎందుకో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. వసుంధర గారిది కాకినాడ. డునెడిన్‌లో పరిశోధకురాలిగా స్థిరపడ్డారు. సముద్రం మీద తేలే మంచు పలకల కింద, ఎండ సోకని నీటి అడుగున పేరుకున్న బురదను బయటికి తీయడం ఆవిడ పని. ఆ బురద పొరలు చూస్తే అక్కడ ఎప్పుడైనా మంచు లేని కాలం ఉందా అన్నది తెలుస్తుంది. నేల మీద ఉన్న మంచు సముద్రంలోకి జారకుండా ఆ పలకే అడ్డు. అది ఒకసారి పోయి ఉంటే మళ్లీ పోగలదు. పోతే కాకినాడ ఒడ్డుకైనా డునెడిన్ ఒడ్డుకైనా నీళ్లు పెరుగుతాయి. అంతకుముందు రెండుసార్లు వెళ్లి ఆవిడ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఇదే ఆఖరిసారని నిధులిచ్చేవాళ్లూ చెప్పారు, ఆవిడ మోకాళ్లూ చెప్పాయి.

నేను ఒంగోలులో దినపత్రిక విలేకరిగా మొదలై, పెళ్లయ్యాక ఈ దేశం వచ్చి పాపటోయిటోయి అనే చోట గిడ్డంగిలో పెట్టెలు సర్ది, చివరికి డునెడిన్‌లో ఒక చిన్న పత్రికలో చేరినదాన్ని. అంటార్కిటికా శిబిరానికి ఒక విలేకరిని తీసుకెళ్లే వీలు దొరికితే ఆవిడ నాకు ఫోన్ చేశారు.

"రాయడం సంగతి తర్వాత. పార పట్టగలవా?"

"గిడ్డంగిలో చేశానండీ."

"అయితే పనికొస్తావ్. వచ్చెయ్."

శిబిరంలో మొదటి రోజు నాకు వంట గుడారంలో నీళ్లు కాచే పని పడింది. అక్కడ నీళ్లంటే మంచే. పెద్ద గిన్నె నిండా మంచు కూరి స్టవ్ మీద పెట్టాను. కాసేపటికి మాడు వాసన! అడుగున కరిగిన నాలుగు చుక్కల్నీ పైనున్న పొడి మంచు పీల్చేసుకుంటే, ఒట్టి గిన్నె మాడిపోయింది. తొలిచే యంత్రాల బాధ్యత చూసే గ్రాంట్‌ది ఇన్వర్‌కార్గిల్ అనే ఊరు. అదే గిన్నెలో మళ్లీ కాచిన నీళ్లతో పెట్టిన టీ అతను ఒక గుక్క తాగి, "మేట్, నా సర్వీసులో పొగచూరిన మంచు తాగడం ఇదే ఫస్ట్ టైం" అన్నాడు.

వసుంధర గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఒంగోలమ్మాయివి, మీ ఇంట్లో ఎసరు పెట్టకుండానే బియ్యం పోస్తారా?"

"పోయమండీ."

"మరి ఇదెందుకు పోశావ్? ముందు కాసిని నీళ్లు కాగాలి. అవుంటేనే మంచు కరుగుతుంది. వాడుకున్నాక కూడా అడుగున కాసిని ఉంచాలి. ఎసరు ఖాళీ చెయ్యకూడదిక్కడ."

ఎసరంటే ఏమిటో గ్రాంట్‌కు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మర్నాటికి అది శిబిరం ఆచారమైపోయింది. టీ కోసం ఎవరైనా గిన్నె మరీ వంచితే చాలు, ఏదో మూల నుంచి "ఎసారూ!" అని కేక వినిపించేది.

మంచును తొలిచేదీ నీళ్లతోనే. పెద్ద తొట్టిలో మంచు కరిగించి, కిరోసిన్ బర్నర్లతో వేడిచేసి, పొడవాటి గొట్టాల గుండా కిందికి చిమ్ముతూ పోతారు. సముద్రం తగిలాక కూడా నిశ్చింత ఉండదు. రంధ్రం గోడలు గడ్డకడుతూ లోపలికి మూసుకొస్తుంటాయి. వేడినీళ్లు పోసి మళ్లీ మళ్లీ వెడల్పు చేస్తూనే ఉండాలి. మాకు సముద్రం తగిలిన రోజునే పెనుగాలి లేచింది. ఎదురుగా ఉన్న గుడారం కూడా కనిపించడం లేదు. పని ఆపేయక తప్పలేదు.

"వాసూ, మొత్తం డ్రెయిన్ చేసేద్దాం. నీళ్లు గడ్డకడితే అన్నీ పగులుతాయి" అన్నాడు గ్రాంట్. డునెడిన్ వైపు పద్ధతిలో అందరూ ఆవిడను పేరుతోనే పిలిచేవారు.

"గొట్టాలు ఖాళీ చెయ్యి. తొట్టి వద్దు."

"తొట్టి వేడిగా ఉండాలంటే బర్నర్ వెలుగుతూనే ఉండాలి. గాలి తగ్గకపోతే ఇంధనం అంతా దానికే పోతుంది. ఇంకోచోట తొలుద్దామన్నా మిగలదు."

"తొట్టి ఖాళీ చేస్తే మళ్లీ మొదట్నుంచి మంచు కరిగించాలి. ఈలోగా రంధ్రం మూసుకుపోతుంది. ఇంకోచోటంటే నాకు టైం లేదు గ్రాంట్."

"జూదం ఆడుతున్నావ్."

"ఆడుతున్నాను. పోతే నా పేరు చెప్పు."

గ్రాంట్ చెప్పిందీ తప్పు కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అతను గొట్టాలు ఖాళీ చేసి, తొట్టి దగ్గర మొదటి కాపలా తానే కూర్చున్నాడు. తర్వాత అందరం వంతులు వేసుకున్నాం. చేయాల్సిందల్లా బర్నర్ ఆరకుండా చూడడం, తొట్టిలో నీళ్లు తగ్గితే పారతో మంచు వేయడం. మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఆవిడా వంతుకు వచ్చారు. నా పక్కన కూర్చుని, "ఏం రాశావో చదువు, విందాం" అన్నారు.

నేను అప్పటికే కథనం సిద్ధం చేసుకున్నాను. అది పత్రికల్లో మామూలే. ఎన్నికల ఫలితాల రోజున గెలుపు కథనం, ఓటమి కథనం రెండూ ముందే రాసిపెట్టుకుంటామని ఆవిడకు చెప్పాను. "మంచు గుట్టు విప్పిన తెలుగు మహిళ" అని శీర్షిక చదవగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"బురద చూశావా నువ్వు?"

"లేదండీ."

"నేనూ చూళ్లేదు. సరే, మనం ఓడిపోయినట్టు కూడా రాశావా?"

"లేదు."

"అదేం? ఎన్నికలకైతే రెండూ రాస్తామన్నావుగా?"

"మీరు ఓడిపోకూడదనుకున్నానండీ."

"నాకూ అదే కోరిక. కానీ అదీ రాయి. అది రాసే ధైర్యం ఉంటేనే రేపు వచ్చేదాన్ని వచ్చినట్టు చూడగలవు."

రాశాను. ఎదురుగా కూర్చున్న మనిషి జీవితకాలపు శ్రమ వృథా అయిందని రాయడం కంటే పార పట్టడం తేలిక. చదివి వినిపిస్తే ఆవిడ ఒక వాక్యం దగ్గర మాత్రం ఆపారు. "ప్రకృతి ఓడించిందని రాయకు. తొట్టి ఉంచమన్నది నేను. ఆ సంగతే రాయి."

గాలి తగ్గేసరికి కిరోసిన్ పీపాలు తడితే బోలుగా మోగుతున్నాయి. తొట్టిలో నీళ్లు మాత్రం పొగలు కక్కుతున్నాయి. గ్రాంట్ రంధ్రాన్ని మళ్లీ వెడల్పు చేశాడు. బురద తీసే గొట్టం దిగింది, అడుగు తాకింది, పైకి వచ్చింది. బూడిద రంగు బురద కింద ఆ పచ్చటి పొర. ఎండ తగిలితే తప్ప బతకని సన్నటి నాచు తాలూకు పొర అది. అంటే ఒకప్పుడు అక్కడ పైన మంచు లేదు, ఆకాశం ఉంది. గ్రాంట్ ఆవిడను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. "దించరా బాబూ, నా మోకాళ్లు!" అని ఆవిడ తెలుగులోనే కేకలు పెట్టారు. అతనికి అర్థమైనట్టే ఉంది, ఇంకోసారి తిప్పాడు.

రెండు కథనాలూ చింపేసి, నేను చూసింది మొదటి నుంచి రాశాను. అందులో తొట్టి ఉంది, జూదమన్న మాట ఉంది, గ్రాంట్ అభ్యంతరం ఉంది. నా పేరుతో అచ్చయిన వాటిలో ఇప్పటికీ నేను గర్వపడేది అదొక్కటే. ఈనాటికీ ఏ పెద్ద వార్త రాయబోయినా ముందు నాకు నచ్చని ఫలితాన్ని రాసుకుంటాను, ఆ తర్వాతే చూడడానికి వెళతాను.

వసుంధర గారు రిటైరై పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో ఉంటున్నారు. నేల చదునుగా ఉంటుంది కాబట్టి మోకాళ్లు సైకిలుకు ఒప్పుకున్నాయట. ఆవిడ తెచ్చిన బురద మీద ఇప్పుడు ఆవిడ శిష్యులు పనిచేస్తున్నారు. ఆ పచ్చ పొర వయసును రెండు పద్ధతుల్లో లెక్కగట్టారు. రెండూ రెండు వేర్వేరు కాలాలు చూపించాయి. అక్కడి మంచు ఒకసారి కరిగిపోయిందన్నది రుజువైంది. అప్పట్లో భూమి ఎంత వేడెక్కితే అది కరిగిందో, మళ్లీ ఎంత వేడికి కరుగుతుందో తెలియాలంటే ముందు ఎప్పుడు కరిగిందో తేలాలి. అది ఇంకా తేలలేదు.