ఐదు గేములు ముందే ఇచ్చారు

శనివారం ఉదయం ఆరూ ఇరవైకి కాజీపేటలో రైలెక్కాను. భుజానికి మూడడుగుల పొడవున్న నల్లటి తోలు సంచి. అందులో రెండు ముక్కలుగా విప్పి పెట్టిన నా పూల్ కర్ర. నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను. సాయంత్రాలు మా క్లబ్బులో పూల్ ఆడతాను, తెల్లబంతిని కర్రతో కొట్టి దానితో మిగతా బంతుల్ని బల్ల అంచుల పాకెట్లలో వేసే ఆట. క్లబ్బు లీగులో వరసగా నాలుగేళ్లు నేనే మొదటివాణ్ని. ఆ మాట అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ని.

ఈ ప్రయాణానికి కారణం మౌనిక. క్లబ్బు పక్క సందులో బట్టలు కుట్టే సరోజక్క కూతురు. ఇంటర్ పూర్తయింది. రెండేళ్లుగా నా దగ్గర ఆట నేర్చుకుంటోంది. డిగ్రీలో చేరకుండా ఒక ఏడాది ఆటే ఆడతానని పట్టుబట్టింది. సరోజక్క నా దగ్గరికి వచ్చి, "మీరు నేర్పుత అంటే ఏడాది ఆపుత సార్. సీటుకు సోమవారమే ఆఖరు. మీరెట్లంటే అట్ల" అంది. సరే అనబోయి ఆగాను. బతుకుతెరువుగా ఆడేవాళ్లతో నేను ఒక్కసారీ ఆడలేదు. నాకెంత వచ్చో నాకే తెలియకుండా ఆ పిల్ల ఏడాదికి ఎలా పూచీపడను?

నారాయణగూడలో వసుధ గారని ఒక ప్రొఫెషనల్ ఉన్నారు, విదేశాల్లో పోటీలు ఆడి వచ్చిన మనిషి. ఫోన్ చేస్తే శనివారం రెండు గంటలకు రమ్మన్నారు. "ముందు ఏడు గేములు గెలిచినవాళ్లది మ్యాచ్. మీకు ఐదు ముందే ఇచ్చేస్తానండీ" అన్నారు. అంటే ఆమె ఏడూ గెలవాలి, నాకు రెండు చాలు. ఆ రోజంతా కోపంగా ఉంది. మర్నాటికి కోపం పోయి, ఆ రెండు కూడా గెలవకపోతే ఏమిటన్న బెంగ పట్టుకుంది.

జనగామ దాటాక ఎదుటి సీటు పెద్దాయన సంచిని పరీక్షగా చూశాడు. "ఏం వాయిస్తరు సార్?"

"వాయించేది కాదు. పూల్ ఆట కర్ర. పోటీకి పోతున్న."

"గెలుస్తరా మరి?"

సంచి తీసి పై బెర్తు మీద పెట్టేశాను.

ఎనిమిదీ నలభైకి సికింద్రాబాద్. అక్కడి నుంచి మెట్రో సులువు. అయితే మొదటిసారి వెళ్లేవారు ఈస్ట్ స్టేషన్లోకి పోకండి, అది వేరే లైను. కొంచెం నడిచి వెస్ట్ స్టేషన్లో ఎక్కాలి. నారాయణగూడ దాకా అదే రైలు పోతుంది. నాకు చేతిలో బోలెడు సమయం ఉంది కనుక ఒక స్టేషన్ ముందే, చిక్కడపల్లిలో దిగాను. మెయిన్ రోడ్డు మీద నిలబడి తినే టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తీసుకున్నాను. చట్నీ బాగుంది.

అక్కడి లైబ్రరీ వైపు తిరిగి, సందులన్నీ నడిచి, పన్నెండున్నరకు అశోక్‌నగర్‌లో ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాను. గోడల నిండా కోచింగ్ పోస్టర్లు. నా ఎదురుగా ఒక కుర్రవాడు పుస్తకం తెరిచిపెట్టుకుని పప్పన్నం తింటున్నాడు. నన్ను చూసి, "ఏ ఎగ్జామ్ అన్నా?" అన్నాడు.

"ఎగ్జామ్ ఏం లేదు తమ్ముడూ."

"మొఖం గట్లనే ఉంటే అడిగిన." మజ్జిగ పోసుకుంటూ తనే చెప్పాడు. "మా మండలంల నేనే ఫస్ట్ అన్నా. ఈడికొచ్చినంక తెలిసింది, ఈ గల్లీలనే నా ముంగట శానమంది ఉన్నరు."

అన్నం సగం వదిలేసి లేచాను.

వసుధ గారి హాలు నారాయణగూడ మెట్రో నుంచి ఐదు నిమిషాల నడకలో, ఒక మందుల షాపు పైన. రెండు బల్లలు, నాలుగు కుర్చీలు. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. కాటన్ చుడీదార్, ముడివేసిన జుట్టు. "ప్రయాణం బాగా జరిగిందాండీ? కాస్త మంచినీళ్లు తాగండి" అని, రెండూ పదికి ఆట మొదలుపెట్టారు.

మొదటి మూడు గేముల్లో నేను కర్ర పట్టింది రెండుసార్లు. మిగతా సేపంతా కుర్చీలోనే. విచిత్రం ఏమిటంటే, ఆమె కొట్టినవాటిలో అబ్బురపడాల్సిన దెబ్బ ఒక్కటీ లేదు. అన్నీ నేనూ వేయగలిగే సులువైనవే. ఇందులో ఏముంది అనుకున్నాను. నాలుగో గేములో గాని తెలియలేదు. బంతి పాకెట్లో పడ్డాక తెల్లబంతి మెల్లగా దొర్లి, తర్వాతి దెబ్బ సులువయ్యే చోటికి వచ్చి ఆగుతోంది. ప్రతిసారీ. మా క్లబ్బులో మేం బంతి పడితే చప్పట్లు కొడతాం, తెల్లబంతి ఎక్కడికి పోయిందో తర్వాత చూసుకుంటాం.

ఐదో గేము ఆమె ఒక దెబ్బ తప్పడంతో నాకు దొరికింది. నా లెక్క ఆరు, ఆమెది నాలుగు. ఒక్కటి చాలు. తర్వాతి రెండూ ఆమె గెలిచారు. ఆరూ ఆరూ.

ఆఖరి గేములో ఆమె బ్రేక్‌కు, అంటే మొదటి దెబ్బకు, ఒక్క బంతీ పడలేదు. నేను లేచాను. నా ఏడు బంతులూ ఒకదాని తర్వాత ఒకటి వేశాను. జన్మలో అంత బాగా ఆడలేదు. ఇక నల్లబంతి ఒక్కటే, అది పడితే గేము నాది. తిన్నగా, రెండడుగుల దూరంలో మూల పాకెట్. రోజూ వేసే దెబ్బ. కొట్టాను. బంతి పాకెట్ అంచుకు తగిలి, వెనక్కి వచ్చి ఆగింది.

ఆమె లేచారు. తన ఏడు బంతులూ, ఆ తర్వాత నల్లబంతీ వేసి, కర్ర గోడకు ఆనించారు.

"నాకూ మీకూ ఎంత దూరమండీ?" అని అడిగాను.

ఆమె ఒక తెల్లకాగితం తెచ్చి బల్ల మీద పరిచారు. బంతి పాకెట్లో వేసి, తెల్లబంతిని ఆ కాగితం మీద ఆపాలి. పది సార్లలో నేను మూడుసార్లు ఆపాను. ఆమె పదీ ఆపారు. కాగితాన్ని సగానికి మడిచి మళ్లీ పది. ఇంకోసారి మడిస్తే తొమ్మిది.

"రోజూ పొద్దున రెండు గంటలు ఇదే పనండీ" అన్నారు. "అయినా క్రితంసారి విదేశానికెళ్లి ఆడితే తొమ్మిది రెండుతో ఓడిపోయాను. ఆ రెండూ కూడా నాతో ఆడినమ్మాయి పొరపాటువల్ల వచ్చినవే."

ఈమెకే అవతల అంత దూరం ఉంటే, నా వెనక ఉన్న మౌనిక ఎక్కడ? ఫోన్ తీసి మౌనిక ఆడే వీడియో చూపించాను. ఆమె రెండుసార్లు చూశారు.

"చెయ్యి బాగుంది. కానీ కొట్టేటప్పుడు తల లేపుతోంది, చూడండి. మీరూ లేపుతారు. ఇందాక నల్లబంతి పోయింది దానివల్లే."

"అది పోతదా?"

"మీకు పోకపోవచ్చండీ. ఆ అమ్మాయికి ఆర్నెల్లు పట్టొచ్చు. ఒకసారి తీసుకురండి, చూస్తాను. మాట మాత్రం ఇవ్వను."

ఐదున్నరకు సికింద్రాబాద్‌లో రైలు దొరికింది. భువనగిరి దగ్గర సరోజక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, సోమవారం సీటు తీసుకోండి. చదువుకుంటనే ఆడనీ. నేను నేర్పితే నా కాడికే వస్తది, అంతకంటె ముంగటికి పోదు. ఇక్కడ ఒకామె ఉన్నరు, చూపిద్దాం."

"మరి రెండేండ్లు ఏం నేర్పిన్రు సార్?"

"తెలిసినంత నేర్పిన అక్కా. అండ్లనే తప్పు కూడా నేర్పిన."

ఫోన్ మౌనిక చేతికి వెళ్లింది. నల్లబంతి సంగతీ, తల సంగతీ చెప్పాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"మీరు తల లేపుతరని నాకు తెలుసు సార్," అంది. "గట్లనే కొట్టాలె అనుకున్న."

పొద్దున వెళ్లేటప్పుడు ఓడిపోతానేమోనన్న ఒక్క భయమే ఉంది. అది తీరిపోయింది. కాజీపేట వచ్చేదాకా, ఆ పిల్ల నన్ను చూసి ఇంకా ఏమేమి అలాగే చేయాలనుకుందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.